మృగశిర రాకముందే ఒకసారి డాబా ఎక్కండి

స్లాబు కారుతోందనగానే మనలో చాలామంది ముందు చేసే పని వాటర్‌ప్రూఫింగ్ వాళ్ళకి ఫోన్ కొట్టడం. వాళ్ళొచ్చి డాబా అంతా తిరిగి, నాలుగు ఫొటోలు తీసుకుని, ఏదో కెమికల్ పేరు చెప్పి చదరపు అడుగుకి ఇంతని లెక్క కడతారు. ఆ లెక్కకి తలూపే ముందు మీరొకసారి పైకెళ్ళి నీళ్ళు పోయే తూముల దగ్గర వంగి చూడండి. ఎండిన వేపాకు, సంక్రాంతికి తెగిన గాలిపటం దారం, పావురాల ఈకలు, పెచ్చులూడిన సిమెంటు ఇసుక అన్నీ కలిసి గడ్డకట్టి కనబడితే మీ రోగం సగం దొరికినట్టే. ఎంత వాన పడినా పడ్డది పడ్డట్టు కిందికి పోతూ ఉంటే ఒక మాదిరి స్లాబు కూడా తట్టుకుంటుంది. గంటల తరబడి, రోజుల తరబడి నిలిచిన నీరే సన్న బీటల్లోంచి దారి వెతుక్కుంటుంది, లోపలి ఇనుప చువ్వలకి తుప్పు పట్టిస్తుంది, ఆ తుప్పు ఉబ్బి సీలింగు పెచ్చులు రాలగొడుతుంది.

కాబట్టి నేను చెప్పే వరస ఇది. ముందు తూములు, పైపులు. తర్వాత పాచి. ఆ తర్వాత బీటలు. ఆఖర్న, ఇంకా అవసరం అనిపిస్తే, కోటింగు. ఈ వరస తిరగేసి పాచి మీదే కోటింగు కొట్టించుకున్న డాబాలు నేను చాలా చూశాను, రెండు వానాకాలాలు తిరక్కుండానే అది అప్పడాల్లా లేచిపోతుంది.

ఒక చిన్న లెక్క కూడా చెప్తాను, దీనికి ఇంత హడావుడి ఎందుకు అనేవాళ్ళ కోసం. వెయ్యి చదరపు అడుగుల డాబా మీద నాలుగు అంగుళాల ఎత్తు నీళ్ళు నిలిస్తే ఆ నీటి బరువు తొమ్మిది టన్నులు దాటుతుంది. చుట్టూ పిట్టగోడ ఉండి, రెండు తూములూ మూసుకుపోతే నాలుగు అంగుళాలు నిలవడానికి ఒక గట్టి వాన చాలు. 2020 అక్టోబరులో హైదరాబాదు, 2024 సెప్టెంబరు మొదట్లో విజయవాడ చూశాక కూడా "మన దగ్గర అంత వాన పడదులే" అనుకోవడం కుదరదు.

ఎప్పుడు చేయాలి

నైరుతి రుతుపవనాలు మామూలుగా జూన్ మొదటి పది పన్నెండు రోజుల్లో మన రెండు రాష్ట్రాల్లోకి వస్తాయి. మృగశిర కార్తె జూన్ 7, 8 తేదీల్లో మొదలవుతుంది. అంటే రోహిణి కార్తె ఎండల్లోనే పని ముగించాలి. ఆ ఎండలో మధ్యాహ్నం పైకెక్కమని నేను చెప్పను, వడదెబ్బ తగులుతుంది. పొద్దున ఆరింటికి మొదలుపెట్టి ఎనిమిదిన్నరకి దిగిపోండి, మిగిలింది మర్నాడు. కోటింగు వేయించే ఆలోచన ఉంటే మాత్రం మే ఆఖరిదాకా ఆగకండి, ఏప్రిల్‌లోనే కడిగేయండి, ఎందుకంటే కడిగిన స్లాబు లోపలిదాకా ఎండటానికి కొన్ని రోజులు పడుతుంది.

ఒడియాలు, అప్పడాలు, ఆవకాయ ముక్కలు, మిరపకాయలు ఎండబెట్టే పనులన్నీ అయిపోయాకే బ్లీచింగు పని పెట్టుకోండి. తిండి వస్తువులు ఆరబోసే చోట మందులు చల్లి, వారం తిరక్కుండా అదే గచ్చు మీద చాప పరిచే ఇళ్ళున్నాయి, అది మంచిది కాదు.

నెల్లూరు, తిరుపతి, ప్రకాశం వైపువాళ్ళకి ఒకసారి సరిపోదు. మీకు అసలు వాన అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలతో వస్తుంది, తుపాన్లు కూడా అప్పుడే. సెప్టెంబరు ఆఖర్లో రెండో విడత శుభ్రం చేయాలి. పైగా దీపావళి కూడా ఆ వానల రోజుల్లోనే, కాల్చిన చిచ్చుబుడ్ల మట్టి గిన్నెలు, సీమటపాకాయల కాగితాలు, పక్కింటి నుంచి వచ్చి పడ్డ రాకెట్ పుల్లలు అన్నీ తూము వైపే కొట్టుకొస్తాయి. పండగ మర్నాడు ఇంటి ముందు ఎలాగూ ఊడుస్తారు, అదే చీపురుతో డాబా కూడా ఊడ్చేయండి.

ఇంటి పక్కన ఏ చెట్టుందో దాన్నిబట్టి కూడా తేదీ మారుతుంది. వేప ఫిబ్రవరి, మార్చిలో ఆకు రాలుస్తుంది, ఉగాదికి పూత రాలుస్తుంది, జూన్‌కల్లా పళ్ళు. బాదం చెట్టు ఆకు అరచేయి కన్నా పెద్దది, ఒక్క ఆకు వచ్చి జాలీ మీద బోర్లా పడితే చాలు, మూత పెట్టినట్టే. అన్నిటికన్నా మొండివి చింత, తురాయి. వాటి చిన్న చిన్న రెక్కలు జాలీలోంచి జారి పైపు లోపలికి పోయి, వంపు దగ్గర బురదతో కలిసి ముద్దకడతాయి. ఇంటి పక్కన తురాయి ఉంటే మే నెల పూత అయ్యాక తప్పకుండా ఇంకోసారి చూడాలి.

తూములు, పైపులు

ముందు పొడిగా ఊడవండి. నీళ్ళు పోసి ఊడిస్తే చెత్తంతా పైపులోకే పోతుంది, తర్వాత దాన్ని తీయడం మీ వల్ల కాదు. పావురాల రెట్ట ఉన్న చోట మాత్రం దీనికి తిరకాసు. దాన్ని పొడిగా ఊడిస్తే ఆ దుమ్ములోని ఫంగస్ ఊపిరితిత్తుల్లోకి పోతుంది, కాబట్టి ఆ భాగం వరకు ముందు నీళ్ళు చిలకరించి, మాస్కు కట్టుకుని, తాపీతో గీకి సంచిలోకి ఎత్తండి. ఇంట్లో ఆస్తమా ఉన్నవాళ్ళకి, పెద్దవాళ్ళకి ఈ పని చెప్పొద్దు.

తర్వాత ప్రతి తూము దగ్గరా జాలీ తీసి, చేతికి గ్లౌజు వేసుకుని, చేయి పట్టినంత లోపలికి పెట్టి చెత్త పైకి లాగండి. లోపలికి తోయకండి. ఇనప చువ్వ పెట్టి పొడవడం చాలామందికి అలవాటు. దాంతో రెండు నష్టాలు. చెత్త కిందికి జారి వంపులో ఇంకా గట్టిగా బిగుసుకుంటుంది, లేకపోతే పీవీసీ ఎల్బో పగిలి నీళ్ళు గోడలోకి పోతాయి. పైపు గోడ లోపల్నుంచి వెళ్తుంటే ఆ పగులు మీకు ఏడాది దాకా తెలియదు, హాల్లో పెయింట్ ఉబ్బినప్పుడు తెలుస్తుంది.

పైపు పారుతోందో లేదో చూడటం తేలిక. ఒకరు పైన, ఒకరు కింద. పైనున్నవాళ్ళు బకెట్ నీళ్ళు ఒక్కసారి గుమ్మరించాలి, కిందున్నవాళ్ళు ఎంత వేగంగా వస్తున్నాయో చూడాలి. పోసింది పోసినట్టు దబదబా వస్తే సరే. గుడగుడమని సన్నగా వస్తే మధ్యలో ఏదో ఉంది. అప్పుడు కిందనుంచి మొదలుపెట్టండి. మంచి ప్లంబరు కట్టిన లైనైతే వంపు దగ్గర డోర్ బెండ్ ఉంటుంది, దాని మూత స్క్రూలు విప్పితే చెత్త అక్కడే దొరుకుతుంది. పిల్లలున్న వీధిలో టెన్నిస్ బంతి దొరికినా ఆశ్చర్యపోకండి. డోర్ బెండ్ లేకపోతే, ఈసారి ప్లంబరు ఎందుకైనా ఇంటికొచ్చినప్పుడు పెట్టించేయండి, ఖర్చు ఎక్కువేం కాదు.

జాలీ విషయం. పళ్ళెంలా చదునుగా ఉండే జాలీ కన్నా పైకి ఉబ్బెత్తుగా, గోపురంలా ఉండేది వందరెట్లు నయం. చుట్టూ ఆకులు చేరినా పైభాగం నుంచి నీళ్ళు పోతాయి. కొందరు జాలీ ఉంటే చెత్త అడ్డం పడుతోందని తీసి పారేస్తారు, నాలుగు నెలలు బాగానే ఉంటుంది, ఆ తర్వాత పైపంతా విప్పాల్సి వస్తుంది.

అసలు మీ డాబాకి పైపులు సరిపోతాయా అన్నది కూడా ఇప్పుడే చూసుకోండి. బిల్డింగు కోడ్ లెక్కలో, గంటకి 100 మిల్లీమీటర్ల చొప్పున వాన పడుతుంటే నాలుగు అంగుళాల పైపు ఒకటి సుమారు 40 చదరపు మీటర్ల డాబాని, అంటే దాదాపు 430 చదరపు అడుగుల్ని మాత్రమే లాగగలదు. మూడు అంగుళాల పైపైతే అందులో సగం. ఇప్పుడు మీ డాబా కొలత వేసుకుని చూడండి. పన్నెండు వందల చదరపు అడుగుల డాబాకి మూడంగుళాల పైపులు రెండే పెట్టి వదిలేసిన మేస్త్రీలు ఊరికి పదిమంది ఉంటారు. అలాంటి ఇంట్లో ఒక్క తూము మూసుకుపోయినా గతి అంతే. ఇంకో తూము కొట్టించడం కుదిరితే కొట్టించండి. కుదరకపోతే పిట్టగోడలో, ఇంట్లోకి వెళ్ళే గుమ్మం మట్టం కన్నా కిందుగా, ఒక పొర్లు కంత పెట్టించండి, పైపులు రెండూ మొరాయించినా నీళ్ళు బయటికి పోతాయి, మెట్ల మీదుగా ఇంట్లోకి రావు.

వాన నీటి పైపుని లెట్రిన్ డ్రైనేజీ లైనులో కలిపేశారేమో చూడండి. పాత కాలనీల్లో ఇది మామూలే. పెద్ద వానకి మెయిన్ లైను నిండిపోతే ఆ నీళ్ళు వెనక్కి తన్ని కింది వాటా బాత్రూంలోంచి పైకొస్తాయి. ఇది రూల్సుకి కూడా విరుద్ధం. వేరు చేసి ఇంకుడు గుంతకి కలపండి.

ఎవరూ చూడని చోట్లు

డాబా అందరూ ఊడుస్తారు. మెట్ల గది మీద ఉండే చిన్న స్లాబు ఎవరూ ఊడవరు, దానికి మెట్లుండవు కదా. చాలా ఇళ్ళలో వాటర్ ట్యాంకు అక్కడే ఉంటుంది, ట్యాంకు పొర్లినప్పుడల్లా అక్కడ తడి, దాంతో ఏడాది పొడుగునా పాచి. మెట్ల గది గోడకి చెమ్మ దిగుతోందంటే తొంభై పాళ్ళు కారణం అదే. ట్యాంకు నిండగానే మోటారు ఆపేసే ఫ్లోట్ స్విచ్ పెట్టించడం ఈ జబ్బుకి మందు.

కిటికీల మీది సన్‌షేడ్లు ఇంకో సంగతి. పైనుంచి పడిన దుమ్ము అక్కడ మట్టిగా మారి, అందులో గడ్డి మొలిచి, ఆ తడి గోడలోకి దిగి కిటికీ పైమూలలో నల్ల మచ్చగా కనబడుతుంది. ఏసీ నుంచి వచ్చే నీళ్ళు కూడా అక్కడే కారుతుంటాయి. ఏసీ నీటికి ఒక సన్న పైపు వేసి కిందికి దించండి. సన్‌షేడ్ మీదకి మాత్రం మీరు దిగొద్దు, పనివాణ్ణీ దింపొద్దు. పాత సన్‌షేడ్లలో ఇనుము తుప్పు పట్టి ఉంటుంది, మనిషి బరువుకి విరిగిన సంఘటనలు పేపర్లో చదువుతూనే ఉన్నాం. కిటికీలోంచో, నిచ్చెన మీంచో పొడుగు కర్ర చీపురుతో లాగండి.

సోలార్ ప్యానళ్ళ కింద కూడా చూడండి. 2024లో సోలార్‌కి సబ్సిడీ ఇచ్చే కేంద్ర ప్రభుత్వ సూర్య ఘర్ పథకం వచ్చాక ఇవి చాలా ఇళ్ళ మీదకెక్కాయి. ప్యానళ్ళ కింద ఎండ పడదు, పావురాలకి మంచి కాపురం, చెత్తంతా ఆ స్టాండు కాళ్ళ దగ్గర ఆగిపోతుంది. బిగించేటప్పుడు స్లాబుకి కంతలు కొట్టి ఉంటే ఆ బోల్టుల చుట్టూ నీళ్ళు దిగకుండా పూసిన సీలెంటు చెదిరిందేమో చూసుకోండి.

మిద్దెతోట ఉన్నవాళ్ళు నన్ను తిట్టుకోవద్దు, నాకూ మొక్కలిష్టమే. కుండీలు నేల మీద పెట్టకండి. స్టాండు మీద, కనీసం ఇటుకల మీద ఎత్తి పెట్టండి, ఆ ఇటుకలు కూడా నీళ్ళు పోయే దారికి అడ్డం కాకుండా. నీళ్ళు పోసినప్పుడల్లా కుండీలోంచి కొంత మట్టి జారి తూము దగ్గరికే చేరుతుంది కాబట్టి మీకు ఏడాదికోసారి సరిపోదు, వానాకాలంలో వారం వారం చూడాలి. ఆ వారం లెక్క దోమలకి కూడా పనికొస్తుంది. డెంగీ దోమ నిలిచిన మంచినీళ్ళలో గుడ్డు పెట్టాక దోమగా ఎగరడానికి వారం పది రోజులు పడుతుంది, వారానికోసారి నిలవ నీళ్ళన్నీ పారబోసే డ్రై డే పాటించమని చెప్పేది అందుకే.

పాచి పని

డాబా మీద మనకి కనబడేవి మూడు రకాలు. గోడల మీద, పిట్టగోడ మీద పడే నల్లటి చారలు ఒకటి. జారుడుగా ఉండే పచ్చటి పాచి ఒకటి. మఖ్మల్ గుడ్డలా మెత్తగా, మందంగా పెరిగే నాచు ఇంకొకటి. ఎండాకాలంలో ఇవన్నీ ఎండి నల్లబడి చచ్చిపోయినట్టు కనబడతాయి. నిజానికి చావవు, మొదటి వాన పడగానే లేస్తాయి. నాచుకి మొక్కలకున్నలాంటి వేర్లుండవు, కానీ అది నీళ్ళు పట్టి ఉంచుతుంది, దాని కింద సిమెంటు ఎప్పుడూ తడిగానే ఉండి పైపొర పిండి పిండిగా రాలుతుంది.

ఎండిన నాచుని ముందు పొడిగానే గీకండి, చెక్క ముక్కతోగానీ ప్లాస్టిక్ గీకుడు బద్దతోగానీ. ఎంత ఎక్కువ గీకితే అంత తక్కువ మందు. గీకింది సంచిలోకి ఎత్తండి, తూములోకి తోయకండి.

మందు అంటే పెద్ద మందేం అక్కర్లేదు, బ్లీచింగ్ పౌడర్ చాలు. పది లీటర్ల బకెట్ నీళ్ళకి పావుకిలో. కొత్త ప్యాకెట్ తెచ్చుకోండి, తెరిచిపెట్టి ఉంచినది, ముద్ద కట్టింది సత్తువ పోయి ఉంటుంది. ప్లాస్టిక్ బకెట్‌లో కర్రతో కలిపి పావుగంట కదపకుండా ఉంచితే సున్నం అడుక్కి దిగుతుంది, పైన తేరిన నీళ్ళు వాడండి. అడుగున మిగిలిన మడ్డి గచ్చు మీద పోస్తే తెల్ల మచ్చలు పడతాయి. పాచి ఉన్న చోట మగ్గుతో తడిసేలా పోసి, ఇరవై నిమిషాలు ఉంచి, గట్టి ప్లాస్టిక్ బ్రష్‌తో రుద్ది, బాగా నీళ్ళు పోసి కడిగేయండి. ఎండ నెత్తి మీదకొచ్చాక చేస్తే మందు పని చేసేలోపే ఆరిపోతుంది. తెల్లవారుజామున గానీ, సాయంత్రం నీడ పడ్డాక గానీ చేయండి. మందంగా పట్టిన చోట వారం తర్వాత ఇంకోసారి.

ఇక్కడ ఈ ఐదు జాగ్రత్తలు చదవకుండా పని మొదలుపెట్టకండి. బ్లీచింగ్ పౌడర్‌తో బాత్రూం యాసిడ్‌గానీ, టాయిలెట్ క్లీనర్‌గానీ కలపొద్దు, ఒకదాని తర్వాత ఒకటి పోయనూ వద్దు, క్లోరిన్ గ్యాస్ వస్తుంది, అది ఊపిరితిత్తుల్ని కాల్చేస్తుంది. అసలు యాసిడే వాడొద్దు, అది సిమెంటుని తినేస్తుంది, పాచి పోయింది అనుకునేలోపు గచ్చు గరుకై వచ్చే ఏడు పాచి ఇంకా బాగా పడుతుంది. కళ్ళద్దాలు, గ్లౌజులు పెట్టుకోండి, పాత బట్టలు కట్టుకోండి, మంచి చీర మీద చుక్క పడితే రంగు పోతుంది. వాటర్ ట్యాంకు మూత గట్టిగా వేసి ఉంచండి. కుండీలు దూరంగా జరపండి, జరపలేని వాటిని, కిందున్న పెరటి మొక్కల్ని పనికి ముందు, తర్వాత మామూలు నీళ్ళతో తడపండి.

పాచి మీద నడిచేటప్పుడు హవాయి చెప్పులు వద్దు. తడి పాచి మీద జారి తుంటి ఎముక విరిగిన అమ్మమ్మలు, తాతయ్యలు ప్రతి వీధిలో ఒకరున్నారు.

ఊళ్ళో మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) వాడేవాళ్ళు ఉన్నారు. పాచి చస్తుంది, నిజమే. కానీ చేపలకి అది విషం, ఇనుముని తినేస్తుంది. భీమవరం, కైకలూరు వైపు ఇంటి వెనకే చేపల చెరువు ఉంటుంది, బోదెలోకి ఆ నీళ్ళు వదిలితే పక్కవాళ్ళతో తగువే. నా ఓటు బ్లీచింగుకే, అది కూడా చెరువు వైపు పారకుండా చూసుకుని.

ప్రెషర్ వాషర్ అద్దెకి తెచ్చి కొట్టేద్దామనే ఉత్సాహం ఉంటే, గట్టి కాంక్రీటు గచ్చు మీద దూరం నుంచి కొట్టండి. పాత పూత ఉన్న చోట, టైల్స్ సందుల్లో, బీటల మీద కొట్టకండి, ఆ ఒత్తిడికి సందుల్లో సిమెంటు లేచిపోతుంది.

ఈ కడిగిన నీళ్ళు ఇంకుడు గుంతలోకిగానీ, వాన నీటి సంపులోకిగానీ పోకూడదు. పని మొదలుపెట్టే ముందే ఆ పైపు విడదీసి బయటికి తిప్పండి. మొదటి రెండు వానల నీళ్ళు కూడా బయటికే వదిలి, ఆ తర్వాత మళ్ళీ కలపండి.

రావి మొక్కలు

పిట్టగోడ బీటల్లో, పైపు పక్కన, సన్‌షేడ్ మూలలో రెండాకుల రావి మొక్క కనబడితే ఆ రోజే తీసేయండి. పిట్టలు రావి, మర్రి, జువ్వి పళ్ళు తిని అక్కడ రెట్ట వేస్తాయి, గింజ అందులోంచే మొలుస్తుంది. వేలెడు ఉన్నప్పుడు వేరుతో సహా వస్తుంది. మూరెడు అయ్యాక పీకితే పైన తెగుతుంది, లోపల వేరు ఉంటుంది, మళ్ళీ చిగురిస్తుంది. అప్పుడు చుట్టూ ప్లాస్టరింగు పగలగొట్టి వేరు మొత్తం తీసి, ఆ కంతని సిమెంటుతో పూడ్చడం తప్ప దారి లేదు. రావి మొక్క మీద చేయి వేయడానికి మనసొప్పనివాళ్ళు ఉంటారు, అర్థం చేసుకోగలను. వేరు తెగకుండా తడిపి తీసి గుడి దగ్గరో, చెరువు గట్టునో నాటించండి. ఇంటి గోడలో ఉంచుకోవడం మాత్రం చెట్టుకీ మంచిది కాదు, మీకూ మంచిది కాదు.

పెంకుటిల్లు, రేకులు, మట్టి మిద్దె

కోనసీమలాంటి చోట కొబ్బరి, మామిడి నీడలో ఉన్న బెంగుళూరు పెంకుల ఇళ్ళకి నాచు మహా ఇష్టం. పెంకు నీళ్ళు పీలుస్తుంది, పైన నాచు ఆ తడిని వదలదు, పెంకు మీద పెంకు కలిసే చోట నాచు పెరిగితే నీళ్ళు వెనక్కి ఎక్కి వాసాల మీద పడతాయి. వాసం పుచ్చేది అలాగే. ఇక్కడ పని పైనుంచి కిందికే జరగాలి. నడికొప్పు దగ్గర మొదలుపెట్టి చూరు వైపు, మెత్తటి బ్రష్‌తోగానీ కొబ్బరి పీచుతోగానీ. కిందనుంచి పైకి రుద్దినా, పైపుతో నీళ్ళు పైకి కొట్టినా పెంకుల సందుల్లోంచి ఇంట్లోకే వస్తాయి. ఇనప బ్రష్ వద్దు. రెండు వాలులు కలిసే మూలలో ఆకులు తీయడం అన్నిటికన్నా ముఖ్యం, పాత పెంకుటిళ్ళలో కారుడు ఎక్కువగా మొదలయ్యేది అక్కడే. ఇది మీరు చేసే పని కాదు, పెంకులు సర్దే మనిషిని పిలవండి, ఆ చేత్తోనే పగిలినవి మార్పించండి. మన ఊళ్ళలో ఈ పని తెలిసినవాళ్ళు తగ్గిపోతున్నారు కాబట్టి మే నెలలోనే చెప్పి ఉంచుకోండి. పైన వాలిన కొమ్మలు నరికిస్తే ఎండ పడి నాచు సగం తగ్గుతుంది.

సిమెంటు రేకుల విషయంలో నా మాట కాస్త గట్టిగా వినండి. పాత సిమెంటు రేకుల్లో ఆస్బెస్టాస్ ఉంటుంది. పొడిగా గీకొద్దు, ప్రెషర్ వాషర్ కొట్టొద్దు, ఆ నార గాల్లోకి లేస్తే ఊపిరితిత్తులకి ప్రమాదం. తడిపి, దూరం నుంచి మెత్తగా ఊడ్చి వదిలేయండి. ఇంకా పెద్ద ప్రమాదం కాలు పెట్టడం. ఎండకి పెళుసెక్కిన రేకు మనిషిని మోయదు. చెక్క పలక వేసుకోకుండా ఎవర్నీ ఎక్కనివ్వొద్దు.

ఇనప రేకుల షెడ్డుకి చూరు వెంబడి గట్టర్ ఉంటే ఆకులు చేత్తో తీయండి, బ్లీచింగు నీళ్ళు పోయకండి, తుప్పు పడుతుంది. నీళ్ళు పోసి చూసినప్పుడు మధ్యలో నిలిస్తే అక్కడ క్లాంపు వదులై గట్టర్ కిందికి జారిందన్నమాట.

రాయలసీమ, పల్నాడుల్లో ఇంకా మిగిలిన మట్టి మిద్దెలకి ఈ మందులేవీ పనికిరావు. మొలిచిన గడ్డి పీకించి, ఎప్పటిలా వానకి ముందు చవుడు మట్టి పోయించండి. నీళ్ళు దూకే గొట్టం గోడకి దూరంగా నీళ్ళు వదులుతోందో లేదో చూడండి, అంతే.

మనుషుల జాగ్రత్త

డాబా పక్క నుంచి కరెంటు తీగలు పోతుంటే అల్యూమినియం నిచ్చెన, ఇనప పైపు, ఇనప కర్ర చీపురు పైకి తీసుకెళ్ళొద్దు. 11 కేవీ లైను ముట్టుకోవాల్సిన పని లేదు, దగ్గరికెళితే చాలు లాగేస్తుంది. నిచ్చెన వేస్తే నాలుగు అడుగుల ఎత్తుకి ఒక అడుగు చొప్పున గోడకి దూరంగా కాలు పెట్టాలి, కింద ఒకరు పట్టుకోవాలి. పిట్టగోడ లేని చోట, మెట్ల గది మీద నడుముకి తాడు లేకుండా పని వద్దు. పనివాళ్ళకి తాడు, గ్లౌజులు, మాస్కు మీరే కొనివ్వండి. వాళ్ళు "ఏం కాదు సార్" అంటారు. అన్నా కొనివ్వండి.

అమెరికాలోనో హైదరాబాదులోనో ఉండి ఊళ్ళో ఇంటికి తాళం వేసినవాళ్ళు "శుభ్రం చేయించాం" అన్న మాట మీద డబ్బు పంపేసి ఊరుకోకండి. ప్రతి తూము దగ్గరా బకెట్ నీళ్ళు పోస్తూ కింద పైపు చివరిదాకా ఒకే వీడియో తీయమనండి. మెట్ల గది పైభాగం కూడా. ఎంత దగ్గర బంధువుకి అప్పజెప్పినా ఈ మాట మొహమాటపడకుండా చెప్పండి, ఆయనకీ ఏం చూడాలో తెలుస్తుంది. అపార్ట్‌మెంటయితే డాబా పై అంతస్తువాళ్ళ ఒక్కరి బాధ కాదు, అసోసియేషన్ మెయింటెనెన్స్‌లోంచి చేయించాలి. మే నెల మీటింగులోనే ఆ మాట ఎత్తండి, జులైలో ఎత్తితే గొడవే మిగులుతుంది.

బీటలు, కోటింగు, మొదటి వాన

కడిగిన డాబా ఆరాక బీటలు కొట్టొచ్చినట్టు కనబడతాయి. వెంట్రుకంత సన్నవైతే కాస్త వెడల్పు చేసి క్రాక్ ఫిల్లర్ పెట్టండి. పిట్టగోడ, స్లాబు కలిసే మూల చూడండి, అక్కడ సిమెంటు గుండ్రంగా తిప్పి ఉండాలి, లేకపోతే చేయించండి. వేలు పట్టే బీట ఉన్నా, కింద సీలింగులో తుప్పు పట్టిన చువ్వలు కనబడుతున్నా ఈ గైడ్ పక్కన పెట్టి ఇంజనీరుని పిలవండి.

ఎండ తగ్గించే తెల్ల పెయింట్ వేయించాలనుకునేవాళ్ళకి, తెలంగాణలో 2023లో కూల్ రూఫ్ పాలసీ వచ్చాక ఈ మాట ఎక్కువగా వినబడుతోంది, పెయింట్ నిలవాలంటే కింద పాచి, దుమ్ము, తడి ఏవీ ఉండకూడదు. సున్నం కొట్టినా కొంత పని చేస్తుంది, చవక కూడా, కాకపోతే ఏటేటా కొట్టాలి.

వాటం, అంటే తూము వైపు వాలు, సరిగ్గా ఉందో లేదో ఎండలో తెలియదు. పది అడుగుల దూరానికి అంగుళం పైచిలుకు వాటం ఉంటే నీళ్ళు ఆగకుండా పోతాయి, కానీ టేపు పట్టుకుని కొలవక్కర్లేదు. మొదటి పెద్ద వాన వెలిసి, ఉరుములు పూర్తిగా ఆగిన గంటకి చాక్‌పీసు పట్టుకుని పైకెళ్ళండి. నీళ్ళు ఇంకా నిలిచిన చోటల్లా చుట్టూ గీత గీసి ఫొటో తీసుకోండి. అరచేయంత గుంటని పట్టించుకోకండి, ఎండ వస్తే ఆరిపోతుంది. మర్నాటికి కూడా ఆరని గుంటల ఫొటోలే మేస్త్రీకి పంపండి, డాబా మొత్తానికి కాకుండా ఆ గుంటల వరకే రేటు అడగండి.